డిగ్రీలో బౌద్ధం చదవాలని ఉంది, కావలి నుంచి ఎటు పోవాలి?

కావలి_పిల్ల:

అందరికీ నమస్తే. మాది కావలి పక్కన చిన్న ఊరు. ఈ ఏడే ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది, ఏ కాలేజీలో ఏ బ్రాంచి దొరుకుతుందో మా నాన్న అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారు. నాకేమో డిగ్రీలో బౌద్ధం గురించి చదవాలని ఉంది. ఇంట్లో ఇంకా గట్టిగా చెప్పలేదు. తెలిసినవాళ్లని అడిగి, నాలుగు విషయాలు చేతిలో పెట్టుకుని చెబుదామని ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో దొనకొండలో మా మేనమామ వాళ్లింటికి పోయాం. ఒక రోజు మామయ్య బండి మీద చందవరం తీసుకుపోయాడు. సింగరకొండ ఎక్కితే పైన గుండ్రంగా స్తూపం, కింద గుండ్లకమ్మ. అప్పటిదాకా బుద్ధుడంటే నాకు సోషల్ పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్న. అక్కడ ఆ ఇటుక మీద చెయ్యి పెట్టి చూస్తే, మన ఇళ్లకి వాడే ఇటుకలు రెండు కలిపినంత ఉంది ఒక్కోటి. వీటిని ఈ కొండ మీదికి ఎవరు మోశారు, ఎవరికోసం మోశారు, వాళ్లు మన ఊళ్ల వాళ్లే కదా, మరి తర్వాత ఏమైపోయారు అని ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. 1964లో పురావస్తు శాఖకు చెందిన వి.వి. కృష్ణశాస్త్రి గారు దీన్ని గుర్తించారని, 70లలో తవ్వకాలు జరిగాయని, ఇక్కడ నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక సున్నపురాయి శిల్పం తిరిగి తిరిగి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి, 2016లో మళ్లీ మన దేశానికి వచ్చిందని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా సందేహాలు. డిగ్రీలోనే బౌద్ధం ప్రధాన సబ్జెక్టుగా చదవొచ్చా, లేక ఎంఏ దాకా ఆగాలా? మేం హిందువులం, బౌద్ధులు కాకపోతే చేర్చుకోరా? పాత బౌద్ధ గ్రంథాలున్న పాళీ భాష, సంస్కృతం ముందే వచ్చి ఉండాలా, నేను ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ తెలుగే తీసుకున్నాను. అన్నిటికంటే ముఖ్యం, ఇది చదివితే బతుకు ఎట్లా అని నాన్న అడిగితే ఏం చెప్పాలి? నాన్న రొయ్యల గుంటలు కౌలుకు చేస్తారు, పోయిన రెండు పంటలు దెబ్బతిన్నాయి, అందుకే ఆయన భయం నాకు తెలుసు. మా నాయనమ్మకి చిన్నగా చెప్పి చూస్తే, గుండు చేయించుకుని సన్నాసుల్లో కలుస్తావా ఏందే అని ఏడ్చింది. అడ్మిషన్ల టైమ్ దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


పెన్న_ఒడ్డున:

చెల్లెమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మాది నెల్లూరు. నేను బీఏ హిస్టరీ చేసి తర్వాత బౌద్ధ అధ్యయనాల్లో ఎంఏ చేశాను, ఇప్పుడు ఇంటర్ పిల్లలకి హిస్టరీ చెబుతున్నాను. నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందు మతం సంగతి. బౌద్ధం చదవడానికి బౌద్ధులై ఉండాల్సిన పని లేదు, ఎవరూ అడగరు. యూనివర్సిటీలో నేర్పేది ఒక మతం నమ్మడం కాదు, ఆ గ్రంథాలు ఎప్పుడు, ఏ భాషలో, ఎవరికోసం పుట్టాయి, ఒక వాదానికి ఇంకో వాదం ఏం జవాబిచ్చింది, స్తూపానికి డబ్బులు ఎవరిచ్చారు, ఇవన్నీ. నాయనమ్మకి ఈ ముక్క నిదానంగా చెప్పు. గుండు చేయించుకునేవాళ్లు విహారంలో చేరతారు, డిగ్రీ కాలేజీలో కాదు.

ఇక కోర్సు. మన దగ్గర డిగ్రీ స్థాయిలో బౌద్ధం సాధారణంగా హిస్టరీ, ఫిలాసఫీల్లో ఒక యూనిట్‌గా వచ్చి పోతుంది. ఆ పేరుతో పూర్తి కోర్సు ఎక్కువగా ఎంఏ నుంచి మొదలవుతుంది. గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది (మహాయానం బౌద్ధంలో ఒక పెద్ద శాఖ), ఢిల్లీ యూనివర్సిటీలో 1957 నుంచి బౌద్ధ అధ్యయన శాఖ ఉంది, బీహార్‌లో నలందా శిథిలాల దగ్గరే 1951లో భిక్షు జగదీశ్ కాశ్యప్ పెట్టిన నవ నలందా మహావిహారం ఉంది. డిగ్రీలోనే కావాలంటే మహారాష్ట్రలో చాలా కాలేజీల్లో బీఏలో పాళీ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, శ్రీలంకలో కెలనియ, పేరాదెణియ యూనివర్సిటీల్లో పాళీ, బౌద్ధ అధ్యయన శాఖలు బీఏ నుంచే ఉన్నాయి. కానీ రొయ్యల పంట దెబ్బతిన్న ఇంట్లో, పద్దెనిమిదేళ్లకి శ్రీలంక పోతానంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. ఢిల్లీకి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, దానికి దరఖాస్తులు ఇంటర్ పరీక్షల టైమ్‌కే అయిపోతాయి, రాయకపోతే ఆ దారి వచ్చే ఏడుకే.

నా మాట ఏంటంటే, డిగ్రీ పట్టా మీద ఏ పేరుందన్నది పెద్ద విషయం కాదు. హిస్టరీ మేజర్‌గా దొరికే మంచి కాలేజీ నెల్లూరులోనో ఒంగోలులోనో చూసుకుని బీఏలో చేరు, ఎంపీసీ వాళ్లు కూడా చేరొచ్చు. ఆ మూడేళ్లూ పక్కన ఒక భాష నేర్చుకో. నేను చెయ్యనిది అదే, దానికి చాలా బాధపడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను ఎంఏలో చేరిన మొదటి వారం గుర్తుంది. క్లాసులో సగం మంది కాషాయం బట్టల్లో ఉన్న భిక్షువులు, మయన్మార్ నుంచి, వియత్నాం నుంచి వచ్చినవాళ్లు. నాకు శాతవాహనుల రాజుల పేర్లు వరసగా వచ్చు, ఇక్ష్వాకుల శాసనాల గురించి తెలుగులో, ఇంగ్లీషులో చదివాను, బాగానే తెలుసనుకున్నాను. పక్కన కూర్చున్న బర్మా భిక్షువు సుత్తాలకి సుత్తాలు, అంటే బుద్ధుడి ప్రవచనాలు, చూడకుండా చెప్పేస్తున్నాడు. ఆయన నోటు పుస్తకంలోకి చూస్తే అక్షరాలు గుండ్రంగా, మన తెలుగు అక్షరాలకి చుట్టాల్లాగా ఉన్నాయి. అది పాళీ, బర్మా లిపిలో రాసుకున్నాడు. పాళీకి సొంత లిపి లేదు, ఏ దేశం వాళ్లు వాళ్ల లిపిలోనే రాసుకుంటారు. మన లిపి, వాళ్ల లిపి రెండూ దక్షిణ బ్రాహ్మి నుంచి వచ్చినవే. ఆయన ఎంతో దూరం నుంచి మన కృష్ణా ఒడ్డుకు వచ్చి, నా పక్కన కూర్చుని, ఒకప్పుడు ఇక్కడి విహారాల్లో వినిపించిన సుత్తాలు చదువుతున్నాడు, నేను ఇక్కడే పుట్టి ఒక్క వాక్యం చదవలేకపోతున్నాను. ఆ రెండేళ్లు నేను పాఠం వెనక పరిగెత్తడమే సరిపోయింది, పాఠం గురించి ఆలోచించడానికి టైమ్ దొరకలేదు. నీకు మూడేళ్లు ముందుగా ఉన్నాయి.

ఇంకొకటి. నాగార్జునుడనే పాతకాలపు బౌద్ధ ఆచార్యుడు ఒక శాతవాహన రాజుకి రాసిన ఉత్తరం ఉంది, సుహృల్లేఖ అంటారు. రాజుకి స్నేహితుడిలా మంచీ చెడ్డా చెబుతూ రాసిన పద్యాలు. ఆ సంస్కృత మూలం ఇప్పుడు లేదు. అది మిగిలింది టిబెటన్ అనువాదంలో, చైనా అనువాదాల్లో. ఈ నేల మీద రాజుకి రాసిన ఉత్తరాన్ని మనం చదవాలంటే లాసా నుంచో చైనా నుంచో తిరిగి తెచ్చుకోవాలి. నాకు ఇది తెలిసిన రోజున నీకు ఆస్ట్రేలియా శిల్పం సంగతి తెలిసిన రోజులాగే ఉండింది. ఈ పని చెయ్యగలిగేవాళ్లు తెలుగులో చాలా తక్కువ, అందుకే నీలాంటి వాళ్లు రావాలని నా కోరిక.


మాస్టారు_ఒంగోలు:

అమ్మాయ్, నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. నువ్వు సెకండ్ లాంగ్వేజ్ తెలుగే తీసుకున్నానని దిగులుగా రాశావు. దిగులు వద్దు. నువ్వు తొమ్మిది, పది తరగతుల్లో ప్రకృతి వికృతులు బట్టీ పట్టావు కదా, ఆ పట్టిక ఒకసారి తీసి ముందు పెట్టుకో.

అగ్నికి వికృతి అగ్గి. పాళీలో కూడా అగ్గే. రత్నానికి మనం రతనం అంటాం, పాళీలో రతన. పక్షి మనకి పక్కి, పాళీలో పక్ఖి. ధర్మానికి దమ్మము అని మన నిఘంటువుల్లో ఉంది, పాళీలో ధమ్మ. పుణ్యం మన పల్లెల్లో పున్నెం, పాళీలో పుఞ్ఞ. కొన్నిచోట్ల దారి మారుతుంది. భిక్ష మనకి బిచ్చమైంది, పాళీలో భిక్ఖా అయింది. విద్య మనకి విద్దె, వాళ్లకి విజ్జా. సంస్కృతం నుంచి మాట నోటికి తేలికయ్యేటప్పుడు ఎట్లా కరిగిందో, ఆ దారి మనకి చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ మాటల్లో చాలా మటుకు మనకి ప్రాకృతం మీదుగా వచ్చినవే, పాళీ ఆ కుటుంబానిదే.

ఇంకో సంగతి చూడు. అందరం బుద్ధం శరణం గచ్ఛామి అంటాం. పాళీలో అది సరణం. పాళీలో శ లేదు, ష లేదు, ఉన్నది ఒక్క స. ఋ లేదు, ఐ, ఔ లేవు, విసర్గ లేదు. ద్వివచనం కూడా లేదు, మన తెలుగులో లాగా ఏకవచనం, బహువచనం అంతే. సంస్కృతం చూసి భయపడే పిల్లలు పాళీ దగ్గర అంత భయపడాల్సిన పని లేదు.

పుస్తకాలకి డబ్బు కూడా అక్కర్లేదు. ఇగత్‌పురిలో విపశ్యనా పరిశోధన సంస్థ వాళ్లు మొత్తం త్రిపిటకాన్ని, అంటే పాళీలో ఉన్న బౌద్ధ మూల గ్రంథాలన్నిటినీ, ఇంటర్నెట్‌లో పెట్టారు, 1954 నుంచి 56 దాకా బర్మాలో జరిగిన ఆరో సంగాయనంలో, అంటే భిక్షువులంతా కలిసి గ్రంథాలు సరిచూసే సభలో, సరిచూసిన పాఠం అది. అక్కడ లిపి తెలుగు అని ఎంచుకుంటే అంతా మన అక్షరాల్లో వస్తుంది. బుద్ధుడి మాటలు పద్యాలుగా ఉన్న ధమ్మపదంతో మొదలుపెట్టు, 423 గాథలు. రోజుకి ఒక్కటి చాలు, ఏడాదింపావులో అయిపోతుంది. గాథని ముందు పైకి చదువు, తెలిసిన మాటల కింద గీత గియ్యి, తర్వాతే అర్థం చూడు. నేను రిటైరయ్యాక ఇట్లాగే చేశాను. మొదటి నెల గాథకి రెండు మాటలు తెలిసేవి, ఆరో నెలకి సగం తెలిశాయి.

ఇది చేస్తూనే డిగ్రీలో అవకాశం ఉంటే సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకో. మహాయాన గ్రంథాలకి అది కావాలి.


దర్శి_రోడ్డు:

నేను కొంచెం వేరే వైపు నుంచి చెబుతాను, ఏమనుకోకు చెల్లీ.

మా ఇంట్లో బౌద్ధం సబ్జెక్టు కాదు. మా తాత కాలం నుంచి గోడ మీద అంబేడ్కర్ గారి పటం, పక్కనే బుద్ధుడి పటం. అక్టోబర్ 14న మా పేటలో అందరం కలుస్తాం, 1956లో ఆ రోజే నాగపూర్‌లో బాబాసాహెబ్ బౌద్ధ దీక్ష తీసుకున్నారు. నేను డిగ్రీలో హిస్టరీ చదివేటప్పుడు సెమినార్‌కి ఈ విషయం తీసుకుంటానంటే, ఒక లెక్చరర్ గారు అది మీ వాళ్ల సంగతి, సిలబస్‌లో ఉన్న బౌద్ధం గురించి చెప్పు అన్నారు. కాలేజీ పేరు ఎందుకులే. ఆ మాట ఇప్పటికీ లోపల గుచ్చుకుంటుంది. రెండు వేల ఏళ్ల కిందటి స్తూపం గురించి ఎంతసేపైనా మాట్లాడతారు, బతికున్న బౌద్ధుల దగ్గరికి వచ్చేసరికి అది చదువు కాదు, రాజకీయం అంటారు.

నువ్వు చందవరం నుంచి మొదలయ్యావు, చాలా సంతోషం. కానీ అక్కడే ఆగకు. బాబాసాహెబ్ ఆఖరి రోజుల్లో రాసి, ఆయన పోయాక 1957లో అచ్చయిన బుద్ధుడూ అతని ధమ్మమూ చదువు, తెలుగులో దొరుకుతుంది. అందులో ఒక్క సంగతి చెబుతాను. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని, సన్యాసిని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడని మనందరికీ నేర్పిన కథ. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక మనిషికి ముసలితనం, చావు తెలియకుండా ఎట్లా ఉంటాయని ఆయన అడుగుతాడు. దాని బదులు శాక్యులకీ కోలియులకీ మధ్య రోహిణీ నది నీళ్ల గొడవని ముందుకు తెస్తాడు. యుద్ధం వద్దన్నందుకు తన వాళ్లతోనే విరోధం వచ్చి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడని చెబుతాడు. కాలవ నీళ్ల కోసం పక్క ఊరితో తగాదాలు చూసి పెరిగినవాళ్లం మనం. మా పేటలో ఒక పెద్దాయన ఈ అధ్యాయం చదివించుకుని విని, ఇది మన కథే కదరా అన్నాడు.

నేను దీన్ని నమ్మమని చెప్పడం లేదు. పాళీ గ్రంథంలో ఏముందో మాస్టారు చెప్పినట్టు నువ్వే చదివి, బాబాసాహెబ్ ఏం మార్చారో, ఎందుకు మార్చారో నువ్వే తేల్చుకో. అదే చదువంటే. పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఇప్పుడు బాబాసాహెబ్ చూపిన ఈ బౌద్ధాన్ని నవయానం అని పేరు పెట్టి పాఠంగా చెబుతున్నారు. నాకు ఆ రోజు ఆ అవకాశం దొరకలేదు, నీకు దొరికితే మాత్రం సెమినార్ టాపిక్‌గా తీసుకో.


ఇద్దరు_పిల్లల_నాన్న:

అమ్మా, నేను కందుకూరులో చిన్న ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని కాబట్టి మీ నాన్న వైపు నుంచి నాలుగు మాటలు.

బుద్ధుడి గొప్పతనం, నాగార్జునుడి గొప్పతనం ఆయనకి చెప్పొద్దు. ఆయన అడిగేది అది కాదు. మూడేళ్లకి ఎంత ఖర్చు, ఎక్కడ ఉంటావు, తర్వాత ఏం రాస్తావు, ఈ మూడూ కాగితం మీద రాసి ఇవ్వు, ఆయన బ్రాంచిలు రాసుకున్నట్టే. బీఏ హిస్టరీ మీద బీఈడీ చేస్తే డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌కి రాయొచ్చు. ఎంఏ హిస్టరీ చేస్తే జూనియర్ లెక్చరర్. యూజీసీ నెట్‌లో పాళీ ఒక సబ్జెక్టు, బౌద్ధ జైన గాంధేయ శాంతి అధ్యయనాలు ఇంకో సబ్జెక్టు, జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి నెలనెలా స్టైపెండ్ వస్తుంది. ఎంఏ తర్వాత కేంద్ర పురావస్తు శాఖ వాళ్ల సంస్థలో రెండేళ్ల పీజీ డిప్లొమా కూడా ఉంది. గ్రూప్స్, సివిల్స్ రాసినా ప్రాచీన చరిత్ర, కళల్లో బౌద్ధం తప్పకుండా చదవాల్సిందే. సివిల్స్ మెయిన్స్‌లో పాళీ ఆప్షనల్‌ని మాత్రం 2013లో తీసేశారు, పాత వెబ్‌సైట్లు చూసి మోసపోవద్దు. 2024లో పాళీకి ప్రాచీన భాష హోదా ఇచ్చారు.

వీటిల్లో ఏదీ ఇంజనీరింగ్ అవగానే వచ్చే క్యాంపస్ ఉద్యోగం లాంటిది కాదు, ఆరేడేళ్లు పడుతుంది. ఆ మాట నువ్వే ముందు చెప్పు. దాచిపెట్టి తర్వాత తెలిస్తే నమ్మకం పోతుంది.


పెన్న_ఒడ్డున:

పై అన్నగారు చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. దర్శి తమ్ముడూ, నీ మాట చదివి మనసు పాడైంది. నేను పాఠం చెప్పే క్లాసులో కూడా 1956 గురించి ఒక వాక్యంతో దాటేస్తున్నానని ఇప్పుడు తోస్తోంది, ఈ ఏడు అట్లా చెయ్యను.

చెల్లెమ్మా, నిన్న ఒకటి రాయడం మర్చిపోయాను. చేజర్లలో బౌద్ధ చైత్యం, అంటే వాళ్ల ప్రార్థనా మందిరం, గుడిగా మారిందని చదివి మన నెల్లూరు జిల్లా చేజర్లకి పోయేవు సుమా, నా ఫ్రెండ్ ఒకామె అట్లాగే పోయి రోజంతా తిరిగింది. అది పల్నాడులో నెకరికల్లు దగ్గర చేజర్ల. కపోతేశ్వరస్వామి గుడి. వెనక భాగం ఏనుగు వీపులాగా గుండ్రంగా ఉంటుంది, పాత ఇటుక చైత్యం ఆకారం ఇప్పటికీ కనపడుతుంది.

నువ్వు ముందు చూడాల్సింది మాత్రం చెన్నై ఎగ్మోర్ మ్యూజియం. కావలిలో పినాకిని ఎక్కితే సెంట్రల్‌లో దిగుతావు, అక్కడ నుంచి దగ్గరే. అమరావతి స్తూపం రాళ్లు లండన్ పోయినవి పోగా చాలా భాగం ఇక్కడే ఉన్నాయి. అందులో గుండ్రటి పలక ఒకటి, నాలగిరి ఏనుగు కథ. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహం వీధిలోకి మదమెక్కిన ఏనుగుని వదిలిస్తాడు. శిల్పి ఒకే పలకలో ఏనుగుని రెండుసార్లు చెక్కాడు. ఒక పక్క అది జనాన్ని తొక్కుతూ, ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతూ వస్తుంది, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ల దగ్గర మోకరిల్లి ఉంటుంది. దగ్గరికి పోయి పైన చూడు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. వీధిలో తేరు వస్తుంటే మన ఇళ్లలో మిద్దె మీద నిలబడి చూసినట్టే. శిల్పి ఆ వీధిని రాజగృహం వీధి అనుకుని చెక్కలేదు, తను రోజూ నడిచే ధాన్యకటకం (అప్పటి అమరావతి) వీధిని చెక్కాడని నా నమ్మకం.

దానికంటే పాత పలకల్లో బుద్ధుడి బొమ్మే ఉండదు. ఖాళీ సింహాసనం ఉంటుంది, పాదాల గుర్తులుంటాయి, చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఖాళీ పీఠం ముందు వాళ్ల ముఖాలు చూడు, ఎంతసేపు చూసినా తనివి తీరదు.

నువ్వు ఆడపిల్లవి కాబట్టి ఇది కూడా. నాగార్జునకొండ శాసనాల్లో ఎక్కువ దానాలు చేసింది ఆడవాళ్లే. ఇక్ష్వాకు రాజు మేనత్త చాంతిసిరి మహాచైత్యం కట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక (ఇంట్లో ఉండే భక్తురాలు) రాణి కాదు, సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి, తన వాళ్లందరి పేర్లూ, తను చేసిన దానాలూ రాతి మీద వరసగా రాయించుకుంది. మగవాళ్లు రాజ్యాల కోసం రాయించుకున్నవి మనం బట్టీ పట్టాం, ఈమె పేరు ఏ పరీక్షలోనూ నన్ను ఎవరూ అడగలేదు.


కావలి_పిల్ల:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నాలుగు రోజులు రాయలేదు, ఇంట్లో మాట్లాడాను, అందుకే.

కందుకూరు బాబాయి గారు చెప్పినట్టే కాగితం రాశాను. ఒక పక్క ఖర్చు, ఒక పక్క పరీక్షలు, కింద ఆరేడేళ్లు పడుతుందని కూడా రాశాను. మొన్న రాత్రి నాన్న గుంటల దగ్గర నుంచి పదింటికి వచ్చి అన్నం తింటుంటే ఇచ్చాను. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. నేను ఏడుస్తూ పడుకున్నాను.

పొద్దున్నే లేచేసరికి నాన్న వసారాలో కూర్చుని నా నోటు పుస్తకం తిరగేస్తున్నారు. మాస్టారు గారు చెప్పినప్పటి నుంచి రోజూ గాథ రాసుకుంటున్నాను కదా, దాని వెనక పేజీల్లో బ్రాహ్మి అక్షరాలు కూడా నేర్చుకుని రాసుకున్నాను. కూడిక గుర్తులాగా ఉండేది క, ఉత్త సున్నా ఠ, సున్నాలో చుక్క పెడితే థ, నిలువు గీత ర. నాన్న ఆ కూడిక గుర్తు చూసి లెక్కలనుకున్నారట. కాదు, ఇది అశోకుడి నాటి క అని చెప్పాను. చందవరం మీద కూడా ఇట్లాంటివే ఉంటాయా అన్నారు. అప్పటి లిపి ఇదే నాన్నా, కాలం మారేకొద్దీ తోకలు పెరిగి పెరిగి మన తెలుగు అయింది అని క నుంచి మన క దాకా ఎట్లా వంపు తిరిగిందో వచ్చినంత వరకు గీసి చూపించాను. ఆయన ఆ పేజీని చాలాసేపు చూశారు. నీకు రాయి మీద ఉన్నది చదవడం వచ్చా అని అడిగారు. ఇంకా రాదు, అక్షరాలు కూడబలుక్కుంటాను, అర్థం తెలియాలంటే చదువుకోవాలి అన్నాను.

ఇంకా సరే అనలేదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి ఫీజు కట్టొద్దని కూడా అనలేదు. కానీ ఈ శుక్రవారం గుంటల్లో పని లేదు, ఆ చెన్నై మ్యూజియం ఏదో చూసొద్దాం పద అన్నారు. నాయనమ్మ కూడా వస్తానంటోంది, బుద్ధుడు మన దశావతారాల్లో ఉన్నవాడే కదా అని. పెన్న అక్కా, టికెట్ ముందే తీసుకోవాలా, నాయనమ్మకి మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లున్నాయా?


పెన్న_ఒడ్డున:

చెల్లెమ్మా, ముందు ఒక మాట, శుక్రవారం పోవద్దు! ఎగ్మోర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అంత దూరం పోయి గేటు మూసి ఉంటే మీ నాన్న మళ్లీ రారు. శనివారానికి మార్చమను. టికెట్ అక్కడే తీసుకోవచ్చు. నాయనమ్మతో లోపల అంతా తిరగొద్దు, బిల్డింగులు చాలా ఉన్నాయి, అడుగు పెట్టగానే అమరావతి గ్యాలరీ ఎక్కడని అడిగి నేరుగా అక్కడికే తీసుకుపో, ఆమె ఓపికంతా అక్కడే ఖర్చు కావాలి.

రాళ్ల మీద కొన్నిచోట్ల అంచున సన్నగా అక్షరాలుంటాయి, దానం ఇచ్చినవాళ్ల పేర్లు. నోటు పుస్తకం తీసుకుపో. నీ కూడిక గుర్తు ఎక్కడుందో మీ నాన్ననే వెతకమను.